శాతం గుర్తు పెట్టిన చిచ్చు

"ఏటి లోహిత్, దేవేంద్ర భయ్యా మెషీన్లో బిల్డ్ ఆగిపోతే నువ్వు నవ్వుతావేటి?"

మధులత అలా అడిగేసరికి లోహిత్ నవ్వు మింగేశాడు. మిడిల్ పాయింట్ బజారులో బట్టల కొట్టు పైనున్న వారి చిన్న ఆఫీసులో, దీవుల మధ్య తిరిగే పడవల టికెట్ల ప్రోగ్రాం తయారవుతోంది. దాని ముక్కలను ఒకటిగా కూర్చడమే బిల్డ్; ఏ వరుసలో కూర్చాలో చెప్పే రూల్స్‌ను మేక్ అనే పనిముట్టు చదువుతుంది. అందరి మెషీన్లలోనూ ఒకే రకం మేక్ ఉండదు. కనుక ప్రతి మేక్‌కూ అర్థమయ్యే రూల్సే రాయాలన్నది అక్కడి కట్టుబాటు.

ఆ కట్టుబాటును లోహిత్ నిన్న కావాలనే తప్పాడు. విశాఖ నుంచి కొత్తగా వచ్చిన దేవేంద్ర ల్యాప్‌టాప్‌లోని మేక్‌కు శాతం గుర్తున్న రూలు మింగుడుపడదని తెలిసే, సరిగ్గా అదే రాశాడు. దేవేంద్ర తన దగ్గరికి వచ్చి బతిమాలాలి; మధులత చూడాలి.

దేవేంద్ర వచ్చాడు. మధులత దగ్గరికి.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఒకే తెర మీదకు వంగి కూర్చున్నారు. బయట వాన కుండపోతగా కురుస్తోంది. లోపల లోహిత్ కుతకుత ఉడికిపోతున్నాడు. ఆమె అతణ్ణి భయ్యా అంటోందన్న ఊరట కూడా నిలవలేదు. ఈ ఊళ్లో ఆటోవాడూ భయ్యాయే, చేపలమ్మే యర్రయ్యా భయ్యాయే! ఆమె తన సమోసాలో సగం తుంచి దేవేంద్రకిచ్చేసరికి ఇక కూర్చోలేక లోహిత్ లేచి వాళ్ల దగ్గరికి వచ్చాడు.

"దొరికిందా?"

"దొరికింది," అంది మధులత తలెత్తకుండా. "సారీ భయ్యా, తప్పు నాదే. నిన్న రూలు మార్చింది నేనే. ఇప్పుడు ఆ శాతం గుర్తు తీసేసి, పాతకాలపు చుక్కల రూలు పెట్టాను. ఇక ఎక్కడైనా నడుస్తాది."

"పర్లేదండీ," అంటూ దేవేంద్ర చాయ్ తాగడానికి మెట్లు దిగాడు.

లోహిత్ మొహం పాలిపోయింది. "నీ మీదెందుకు వేసుకున్నావు?"

"మార్చింది నువ్వని నాకు తెలీదా? కొత్తాయన ముందు నీ పరువు పోతే నాకు బాగుంటాదేటి? కానీ నువ్వు ఇలాటిది పొరపాటున చెయ్యవు. ఎందుకు చేశావ్?"

"నిన్ను కాకుండా నన్నడుగుతాడని."

"అడిగితే?"

"నీ పక్కన కూర్చోడని."

మధులత వేళ్లు కీబోర్డు మీద ఊరికే తచ్చాడాయి.

"పాగల్! ముందు కిందికెళ్లి భయ్యాకు నిజం చెప్పు. మిగతాది తర్వాత నాకు చెప్పు."

లోహిత్ గొడుగైనా తీసుకోకుండా వెళ్లి, తడిసి ముద్దయి తిరిగొచ్చాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏటన్నాడు?"

"తిట్టాడు. బాగానే తిట్టాడు."

"నేను తిట్టను," అంది మధులత. "ఇప్పుడు చెప్పు."

చొక్కా అంచు నుంచి నీళ్లు కారుతుండగా, నిలబడిన చోటనే లోహిత్ చెప్పాడు.

వాన చప్పుడులో సరిగా వినబడలేదని అబద్ధమాడి, ఆమె మళ్లీ చెప్పించుకుంది.