ఏడు పాయింట్ మూడు

మా అల్లుణ్ణి నేను మీటరోడు అంటాను. నన్ను నిలువునా ముంచినవాడికి అంతకంటే మంచి పేరు పెట్టడం ఎనిమిదితో చదువు మానేసిన నాకు చేతకాదు.

మాది చిన్న షెడ్డు. పీహెచ్ మీటర్లు సరిచూసుకోవడానికి లాబ్‌లవాళ్ళు వాడే బఫర్ ద్రావణాలు సీసాల్లో నింపి అమ్ముతాం. చుక్క యాసిడ్ పడ్డా, చుక్క క్షారం పడ్డా బఫర్ పీహెచ్ కదలకూడదు. కలిపేది మా అమ్మాయి. అరిచేది నేను.

ఓ రోజు వానలో తడుస్తూ వచ్చాడు వాడు, మందుల కంపెనీ లాబ్ నుంచి. సగం వాడిన సీసా బల్లమీద పెట్టాడు.

"మీ ఏడో నంబరు బఫర్ ఏడు కాదండీ. ఏడు పాయింట్ మూడు. సరుకంతా వాపసు పంపమన్నారు మా మేనేజరు."

ఆ కంపెనీ పోతే షెడ్డుకి తాళమే.

"ముందు తల తుడుచుకోండి. సీసాలోకి కారుతున్నారు," అంటూ మా అమ్మాయి తువ్వాలు విసిరింది.

అదే లాటులో సీలున్న సీసా తెచ్చి విప్పింది. మీటరు సరిగ్గా ఏడు చూపించింది. వాడి సీసాలో పెడితే ఏడు పాయింట్ మూడు.

ఆమె వాడి కళ్ళలోకి చూసింది. వాడు చూపు తిప్పుకున్నాడు.

"పదో నంబరు బఫర్లో ముంచిన మీటరు ఎలక్ట్రోడు కడక్కుండా ఇందులో ముంచుతారు. వాడింది మళ్ళీ సీసాలోనే పోస్తారు. అవునా?"

"పారబోయడానికి మనసొప్పలేదండీ."

"రోజూ అలా చేస్తే బఫరైనా ఎంతకని ఓర్చుకుంటుంది?"

"మీకంటే ఎక్కువే ఓర్చుకుందండీ."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. నేను ఫోను వాడి ముందుకి తోశాను.

"ఈ ముక్కే మీ మేనేజరుకి చెప్పు."

"చెబితే నా ఉద్యోగం పోతుందండీ."

"చెప్పకపోతే మా కొంప మునుగుతుంది."

బయట వాన హోరు.

"బలవంతం చెయ్యకు నాన్నా," అంది మా అమ్మాయి.

ఆ మాటకే వాడు ఫోనెత్తాడు. "సార్, తప్పు సరుకుది కాదు. నాది."

అవతలి తిట్లు మాకూ వినిపించాయి.

"సరుకు ఉంచుకుంటారట. నన్నే రావద్దన్నారు," అన్నాడు.

"అయితే ఇక్కడికి రండి," అంది మా అమ్మాయి.

"ఎవర్నడిగి?" అన్నాను.

"నిజం చెప్పేవాడు లోకంలోనే లేడని రోజూ నా చెవులు తినేస్తావుగా. ఇడుగో!"

"పారబోసే పని మాత్రం మీరే చెయ్యాలండీ," అన్నాడు వాడు.

ఈసారి ఆమె పైకే నవ్వేసింది. ఆ నవ్వు వినగానే నాకు ఇంకో భయం పట్టుకుంది.

ఏడాది తిరక్కుండా వాడు నన్ను మావయ్యా అన్నాడు. సరే ఏడవండి అన్నాను. అదే నా దీవెన.

పెళ్ళయ్యాక ఇద్దరూ సొంత లాబ్ కావాలన్నారు. షెడ్డులో కిటికీ వైపు, గాలి తగిలే చోటు, నేను మధ్యాహ్నం నడుం వాల్చే చోటు చూసి గోడ కట్టేశారు. పొడవు పన్నెండు, వెడల్పు పది. నూట ఇరవై చదరపు అడుగులు పోయాయి నాకు.