చెప్పుల క్యూలో సింఫనీ

"ఈసారి టార్గెట్ ఒక టికెట్," అన్నాడు చీఫ్ సుందర్ రావు.

హన్మకొండలో కుట్టుమిషన్ల దుకాణం పైగది వాళ్ల సీక్రెట్ ఆఫీస్. ఎదుట కూర్చున్నది ఏజెంట్ ఇందు. చేతుల మీద పెళ్లి గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు.

"ఏం టికెట్ సార్?"

"విదేశీ సింఫనీ ఆర్కెస్ట్రా వస్తాంది గదా, దానిది. ఒక టికెట్ ఎనుక మైక్రోచిప్ ఉంది. అది ఫోన్‌ల పెట్టి బటన్ నొక్కితే కాజీపేట జంక్షన్‌ల సిగ్నళ్లన్నీ ఒక్కసారే పచ్చగైతయి, రైళ్లు గుద్దుకుంటయి."

ఇందు భర్త కుమారస్వామి లోకో పైలట్. ఇప్పుడే డోర్నకల్ నుంచి కాజీపేటకు రైలు తెస్తున్నాడు. "వచ్చినంక ఇద్దరం బిర్యానీ తిందాం," అని ఫోన్‌లో అన్న మాట తలుచుకుని పొద్దుటి నుంచీ నవ్వుకుంటోంది.

"కౌంటర్‌ల ఉన్నది కూడా ఆ విదేశీ ముఠా మనిషే. వాణ్ణి ముందే పట్టుకుంటే స్రవంతి మాయమైతది. టికెట్ తీసుకునేటప్పుడే ఆమెను పట్టాలె."

స్రవంతి డబుల్ ఏజెంట్. మన జీతం, వాళ్ల విల్లా. పెరిగింది యూరప్‌లో. సర్జరీ తర్వాత ఆ అందాల ముఖం ఎలా మారిందో ఎవరికీ తెలియదు.

"ఈ గాజు ఏస్కో. ఫేస్ స్కానర్. సర్జరీ అయినా గుర్తుపడ్తది."

ఆడిటోరియం కౌంటర్ ఇంకా తెరవలేదు. ముందు పొడవాటి క్యూ ఉంది, మనిషి మాత్రం లేడు. చెప్పులు, ఒక హెల్మెట్, ఇటుక ముక్క, మళ్లీ చెప్పులు. ఓనర్లంతా చెట్టునీడలో చాయ్ తాగుతున్నారు. ఇందు తన చెప్పులూ చివర విడిచి నీడలో చేరింది.

లాల్చీ పెద్దమనిషి ఒకాయన సింఫనీ అంటే ఏమిటో అందరికీ వివరిస్తున్నాడు. అందులో వయొలిన్లు ఉంటాయన్నంత వరకే కరెక్టు.

గాజు బీప్ మంది. లక్షలు పోసి కొన్న స్కానర్ స్రవంతి అని చూపించింది, ఏళ్లుగా అక్కడే పల్లీలమ్మే మొగిలమ్మను.

"ఏంది బిడ్డా, అట్ల సూస్తున్నవ్? పల్లీలు గావాల్నా? జర ఆగు, ఈళ్లందరి చెప్పులకు నేనే కావలి."

ఇందు గాజు తీసి బ్యాగులో పారేసింది.

కౌంటర్ తెరుచుకుంది. అదే నిమిషంలో ఆటో దిగింది ఒక కొత్త పెళ్లికూతురు. జరీ చీర, మల్లెలు, మట్టెలు, అన్నీ పక్కా. చెప్పుల పక్కనుంచి హాయిగా నడిచి కిటికీ ముందు నిలబడింది.

"వర్షం పడితే వయొలిన్ తడుస్తుంది."

"గొడుగు ఉంది," అన్నాడు క్లర్క్, టికెట్ అందిస్తూ.

కోడ్‌వర్డ్‌కు కూడా ఇంతకన్నా మంచి మాట దొరకలేదు వీళ్లకు. ఇందు పరుగెత్తింది. స్రవంతి చిప్ ఊడదీసి ఫోన్‌లో దోపింది. బొటనవేలు బటన్ మీదికి వస్తోంది.

"ఓ పిల్లా, చెప్పులు కనవడ్తలేవా?" మొగిలమ్మ ఆమె మోచేయి పట్టి వెనక్కి గుంజింది.

"వదలండి. ఇక్కడ ఎవరూ లేరు కదా."

నీడంతా లేచి వచ్చింది. "ఎవ్వరు లేరా? మరి మేమెవరం? లైన్‌ల రా అక్కా."

ఆ తోపులాటలో ఫోన్ జారి హెల్మెట్‌లో పడింది. ఇందు హెల్మెట్ మీదికి దూకింది. చిప్ బయటికి వచ్చింది, బేడీలు పడ్డాయి. కిటికీలోంచి దూకబోయిన క్లర్క్‌ను లాల్చీ పెద్దమనిషి కాలర్ పట్టుకుని టికెట్ అడుగుతున్నాడు.

"ఆరు నెలలు ట్రైనింగ్ తీసుకున్నాను," అంది స్రవంతి, నమ్మలేనట్టు. "చీర, మల్లెలు, మట్టెలు..."

"బోడి ట్రైనింగ్," అంది ఇందు. "చెప్పులు పెట్టినంక మనిషి ఉన్నట్టే. గది గూడ నేర్పలేదా నీ గురువులు?"

పోలీసులు వాళ్లను తీసుకెళ్లాక ఇందు తన చెప్పుల్లో కాళ్లు పెట్టి, కౌంటర్‌లో వేరే క్లర్క్ కూర్చుని వంతు వచ్చాక రెండు టికెట్లు కొంది. అప్పటికే రైలు క్షేమంగా కాజీపేట చేరింది.

కచేరీ మొదలైన కాసేపటికే కుమారస్వామి ఆమె భుజం మీద గురక పెడుతూ నిద్రపోయాడు. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి ఉరిమి చూశారు. ఇందు వాళ్లను పురుగుల్ని చూసినట్టు చూసింది. ఆ గురక కోసం ఒక విదేశీ ముఠాను మట్టి కరిపించిన మనిషికి, అన్ని వయొలిన్లూ ఒక లెక్కా?