మూడో కాపీకి వేరే ఇల్లు

“బ్యాకప్ ఉందా?” నా ఫోన్‌ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని అడిగింది ఆ అమ్మాయి. దాని అంచు నుంచి నల్లటి నీటి బొట్టు కారింది.

“ఉందండి. కరెంటు పోయినా మూడు గంటలు వస్తుంది,” అన్నాను ధీమాగా.

ఆమె ఫోన్ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. “దేనికి?”

“లిఫ్ట్‌కి.”

“నేనడిగింది ఫొటోలకి!”

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. మా భాషలో బ్యాకప్ అంటే బ్యాటరీ. ఆ పొద్దున లిఫ్ట్ కింద గుంతలోకి వంగి చూస్తుంటే చొక్కా జేబులోంచి ఫోన్ జారి వాననీళ్లలో పడింది. ఆరబెట్టాను, ఊదాను, బతిమాలాను. కిక్కురుమనలేదు. కనబడిన షాపుల వాళ్లంతా పెదవి విరిచాక, సందు చివర ‘పోయిన ఫొటోలు వెతికి ఇస్తాం’ అన్న బోర్డు కనిపించింది. లోపల ఈ అమ్మాయి ఒక్కతే ఉంది.

“ఎవరి ఫొటోలు?”

“మా అక్కవి.”

“ఆవిడ ఫోన్లోనూ ఉంటాయిగా, పంపించమనండి. దీనికింత ఏడుపు మొహం దేనికి?”

“అక్క లేదండి. పోయి రెండేళ్లయింది.”

ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది.

అమ్మానాన్నలు నాకు గుర్తు లేరు. నన్ను పెంచింది అక్కే. కెమెరా అంటే మహా సిగ్గు. తీయబోతే అరచెయ్యి అడ్డం పెట్టేసేది. నా ఫోన్లో అక్క ఫొటోలంటే అన్నీ అరచేతులే, ఒక్కటి తప్ప. నాకు ఉద్యోగం వచ్చిన రోజు అక్కని మొదటిసారి లిఫ్ట్ ఎక్కించాను. భయపడి రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. చేతులు ఖాళీ లేవు కదా, అదే అదనుగా క్లిక్‌మనిపించాను. ‘దొంగ వెధవా, దిగాక చెప్తా నీ పని’ అంటూ నవ్వుతోంది అందులో. ఈమధ్య అక్క ముఖం గుర్తు చేసుకోవాలన్నా ఆ ఫొటో తీసి చూడాల్సి వస్తోంది. అది పోతే అక్క రెండోసారి పోయినట్టే.

“క్లౌడ్‌లో లేవా?”

“ఉండే ఉంటాయండి. కానీ ఆ అకౌంటు అక్క నంబరు మీద ఉంది, ఓటీపీ దానికే వెళ్తుంది. ఆ నంబరు ఇప్పుడింకెవరికో ఇచ్చేశారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ అడిగి తీసుకుని చేశాను. ఎవరో పెద్దాయన ఎత్తారు. ఓటీపీ అనగానే నన్ను దొంగననుకుని తిట్టి బ్లాక్ చేశారు. అక్క నంబరు నుంచి తిట్లు తినడం నాకు కొత్తేం కాదు గానీ...”

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే పెదాలు బిగించింది.

“చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఉంచి వెళ్లండి, చూస్తాను. మాట మాత్రం ఇవ్వను.”

ఆ వారమంతా పని అవగానే షాపుకి వెళ్లేవాణ్ని. నా గదిలో ఒకటే కుర్చీ. రెండోది కొనే అవసరం రాలేదు. పగలంతా ఎంతమందినో వాళ్ల గుమ్మాల దాకా చేరుస్తాను. ఎవరూ లోపలికి రమ్మనరు. తప్పు వాళ్లది కాదు, లిఫ్ట్ ఎప్పుడూ గుమ్మం బయటే కదా ఉండేది. సాయంత్రం గది తాళం తీస్తే వినబడేది నా చప్పుడే. షాపులో అయితే కనీసం చీవాట్లయినా దొరికేవి.

“మళ్లీ వచ్చారా లిఫ్ట్ గారూ?”

“ఇటువైపు పనుండి వచ్చానండి.”

“ఈ సందులో అన్నీ మేడల్లేని ఇళ్లే. లిఫ్ట్ ఏ ఇంట్లో ఉందో?”

నేను పైకప్పు వైపు చూశాను.

ఒక సాయంత్రం వాన దంచి కొడుతుంటే ఆమె స్క్రీన్‌ని నా వైపు తిప్పింది. “అన్నీ అరచేతులే! చేతులు చూసి జాతకాలు చెప్పేవాళ్లకి కూడా ఇన్ని దొరకవు,” అంటూ చివరి ఫొటో తెరిచింది.

కడ్డీ పట్టుకుని అక్క నవ్వుతోంది.

నాకు కన్నీళ్లు ఆగలేదు.

“కీబోర్డు మీద పడనివ్వకండి, అది వేరే రిపేరు,” అంది. కీబోర్డుని తన వైపు లాక్కుంది. “ఇక బుద్ధిగా వినండి. ఫోన్ బతికింది, కానీ ఇకమీదట మూడు కాపీలుండాలి. ఒకటి ఫోన్లో, ఒకటి మీ దగ్గర హార్డ్ డిస్క్‌లో. మూడోది ఇంకో డిస్క్‌లో, వేరే ఇంట్లో. నీళ్లయినా, నిప్పయినా, దొంగయినా రెండిళ్ల మీద ఒకేసారి పడరు. క్లౌడ్ కూడా ఈసారి మీ నంబరు మీద తెరుస్తాను. కానీ నంబర్ల సంగతి చూశారుగా.”

“వేరే ఇల్లంటే?”

“పెదనాన్నవాళ్లిల్లు, ఫ్రెండిల్లు. ఎవరో ఒకరుంటారు కదా!”

“ఉంటారండి,” అన్నాను.

ఆమె ఇచ్చిన మూడో కాపీ డిస్క్ చేతిలో పట్టుకుని చాలా ఆలోచించాను. ఫోన్లో ఉన్న పేర్లన్నీ అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌లవే. పనున్నప్పుడు తప్ప వాళ్లు నాకు, నేను వాళ్లకు గుర్తు రాము.

మర్నాడు ఆమె అడిగింది. “మూడోది ఎక్కడ పెట్టారు?”

“తొమ్మిదో అంతస్తు పైన.”

“అబ్బో! ఎవరింట్లో?”

“లిఫ్ట్ మోటారు గదిలో.”

ఆమె ఇంతెత్తున లేచింది. “వేడి, దుమ్ము, అదురు! డిస్క్‌కి అంతకంటే నరకం ఉందా? మనుషులుండే ఇల్లే దొరకలేదా మీకు?”

“దొరకలేదండి.”

నవ్వుతూ అనబోయాను. నవ్వు రాలేదు.

“తెచ్చి నాకివ్వండి,” అంది ఆమె. “మా పిన్ని ఇంట్లో ఉంటాను. నా పెట్టెలో దాస్తాను. కానీ ఊరికే పడుండకూడదు. నెలకోసారి షాపుకి తెస్తాను, మీరూ రండి, కొత్త ఫొటోలు ఎక్కిద్దాం.”

మొదటి నెల వట్టి చేతులతో వెళ్లాను.

“ఒక్కటీ లేదా?”

“తీయడానికి ఎవరున్నారండి?”

“ఎవరూ లేకపోతే లిఫ్టుల్నే తీయండి. ఈసారి ఖాళీగా వస్తే తలుపు తీయను.”

అప్పట్నుంచి తీశాను. మోటారు గదిలో కాపురం పెట్టిన పిల్లి. డాబా మీద ఎవరో తీయడం మర్చిపోతే తడిసిన దుప్పట్లు. నా గది.

“రెండో కుర్చీ ఏది?” గది ఫొటో చూసి అడిగింది.

“లేదండి.”

ఆ ఫొటోని చాలాసేపు చూసింది. తర్వాతి నెల ఒక ఫొటో దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి. వానకి తడిసిన అద్దం తలుపు, లోపల తల వంచుకుని స్క్రూ బిగిస్తున్న అమ్మాయి.

“నన్నడక్కుండా నా ఫొటో తీసి, తెచ్చి నా చేతే దాచిపెట్టిస్తారా?”

“తప్పేనండి. తీసేస్తాను.”

“తీసేయడమంటే మూడు చోట్లా తీసేయాలి. బోలెడు పని.” జుట్టు చెవి వెనక్కి తోసుకుని నిటారుగా కూర్చుంది. “అడిగి తీయండి.”

అడిగాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఫోన్ దించకుండానే అనేశాను. మొహం దాచుకోవడానికి అదొక్కటే ఉంది మరి. “నిన్న రెండో కుర్చీ కొన్నానండి. మీరు వచ్చి కూర్చుంటే బాగుంటుందని. ఒక్కరోజు కోసం కాదు.”

ఆమె స్క్రీన్ వైపు తిరిగిపోయింది. నా కథ ఇంతే, మళ్లీ ఒంటి కుర్చీయే అనుకున్నాను.

“ఒక చిక్కుంది,” అంది ఆమె నెమ్మదిగా. “నేను పెట్టె సర్దుకుని వస్తే అందులో మీ డిస్క్ కూడా వచ్చేస్తుంది. రెండు కాపీలూ ఒకే ఇంట్లో ఉండకూడదు. మూడోదానికి వేరే ఇల్లు చూడాలి.”

ఆమె చెప్పింది అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. లిఫ్ట్ బుర్ర, మెల్లగా ఎక్కుతుంది.

ఆ ఆదివారమే వాళ్ల పిన్ని ముందు కూర్చున్నాం. పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. బీరువా తెరిచి, దుప్పట్ల మధ్య చోటు చేసి, డిస్క్ కోసం చెయ్యి చాపింది. అంతలోనే వెనక్కి తీసుకుంది.

“ముందు అందులో ఏముందో చూపించు నాయనా. తెలియని వస్తువు నేను దాచను.”

ఫోన్లో అక్క ఫొటో తెరిచి ఇచ్చాను. పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరగా చూసింది.

“ఎంత బాగా నవ్వుతోంది మా వియ్యపురాలు!”

అక్క పోయాక, ఎవరైనా అక్కని వరస కలిపి పిలవడం అదే మొదటిసారి.

“ఇక ఈవిడ మా ఇంట్లోనే ఉంటుంది,” అంది పిన్ని డిస్క్‌ని దుప్పట్ల మధ్య పెడుతూ. “నెలకోసారి ఇద్దరూ వచ్చి పలకరించి వెళ్లాలి. రాకపోతే ఊరుకోను.”

నేను తలూపాను.

పక్కనుంచి ఆమె నా మోచేతిని తట్టింది. “ఇక్కడ కీబోర్డు లేదు,” అంది. “ఏడవొచ్చు.”