మూడో పిలుపు

ఆ వానాకాలం కాగజ్‌నగర్ అవతలి పల్లెలో గత్తర పడింది. బావినీళ్లు తాగినవాళ్లు తాగినట్టే వాంతులు, భేదులతో మంచాన పడ్డారు. సర్కారు దవాఖానలో డాక్టరు కుర్చీ ఎప్పటినుంచో ఖాళీ. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నర్సు సక్కుబాయి ఒక్కతే దిక్కు. రోగికి సెలైన్ సీసా పెట్టి, ఇంకో ఇంటికి పోయి, అది ఖాళీ అయ్యేసరికి తీసుకుపోవడానికి మళ్లీ వచ్చేది. వస్తానంటే తప్పకుండా వచ్చే మనిషి.

కొమురవ్వ కూతురు చంద్రికి పొద్దుటినుంచి ఒళ్లు చల్లబడుతోంది. మొగుడు హనుమండ్లు పట్నం డాక్టరును బతిమాలడానికి వాగు దాటి పోయాడు. మధ్యాహ్నం వానలో ఎవరో తలుపు దగ్గర పిలిచారు.

"కొమురవ్వా..."

కొమురవ్వ పలకలేదు. గత్తరమ్మ రెండుసార్లే పిలుస్తుందని, పలికితే ప్రాణం పట్టుకుపోతుందని, అందుకే మూడో పిలుపుకే పలకాలని ఆ ఊళ్లో పిల్లలకు కూడా నేర్పుతారు. రెండో పిలుపు వచ్చింది. అచ్చం సక్కుబాయి గొంతే. పళ్లు బిగబట్టి మూడోదాని కోసం చూసింది. అది రాలేదు. ఇక ఆగలేక తలుపు తీస్తే వాకిట్లో ఎవరూ లేరు. వచ్చిన నర్సును పోగొట్టుకుని బిడ్డను చేతులారా చంపుకున్నానని తల బాదుకుని ఏడ్చింది.

దీపం పెట్టే వేళకు చంద్రి కళ్లు తేలేసింది. అప్పుడు వినిపించింది మూడో పిలుపు.

ఉరికి తలుపు తీసింది. సక్కుబాయే. చీర నిండా నీళ్లు కారుతున్నాయి. బురద వాసన. ఏమీ అడగలేదు. దూలానికి సీసా కట్టి, పిల్ల చేతికి సూది గుచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకున్న కొమురవ్వకు తగిలిన ఆ వేళ్లు మంచులా ఉన్నాయి.

"ఖాళీ అయినంక వస్త" అని గొణిగి వెళ్లిపోయింది.

కాసేపటికి చంద్రి కళ్లు తెరిచి నీళ్లడిగింది. కొమురవ్వకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతలో హనుమండ్లు వచ్చి గడపలోనే కూలబడ్డాడు.

"డాక్టర్ రానన్నడు. నర్సమ్మ సుత లేదే. పగటీలే వాగుల కొట్టుకపోయిందట. పీనుగును నేనే ఒడ్డుకు గుంజిన."

తలెత్తి దూలం వైపు చూశాడు.

"గా సీస ఎవలు పెట్టిన్రు?"

కొమురవ్వ సూది పీకబోయి ఆగింది. పీకితే పిల్ల దక్కదు. ఉంచితే సీసా అయిపోతుంది. అడుగున వేలెడు నీళ్లే ఉన్నాయి. చుక్క... చుక్క...

బయట ఎవరో పిలిచారు. ఈసారి కొమురవ్వను కాదు.

"చంద్రీ..."

ఉరికి పిల్ల నోరు అరచేత్తో మూసింది. రెండో పిలుపు వచ్చింది. మూడోదానికి పలకాలని బిడ్డకు నేర్పింది తనే.

మూడో పిలుపూ వచ్చింది. అరచేతి కింద చంద్రి పెదవులు మెల్లగా తెరుచుకున్నాయి...