పేషెన్స్ అన్న పేరు

శనివారం పొద్దున. రాత్రి నానబెట్టిన బీన్స్‌ని మట్టికుండలోకి వంచి, లోయిస్ పైన నల్లటి బెల్లపు పాకం పోస్తోంది. డెబ్బై తొమ్మిదేళ్లొచ్చినా ఆ కుండని ఇంకొకరిని ముట్టుకోనివ్వదు. కూతురు పేషెన్స్ ఒక ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి దూసుకొచ్చింది.

మా మసాచుసెట్స్ ఊళ్లలో నాలుగొందల ఏళ్ల కిందట ఇంగ్లండు నుంచి వచ్చి ఓడ దిగిన తొలితరం గురించి గొప్పలు చెప్పుకోని నోరు లేదు. పేషెన్స్ అయితే ఆరేళ్లు చర్చి రిజిస్టర్లు తిరగేసి, తన పేరే ఉన్న ఒక తొలి ముత్తవ్వని పట్టుకుంది. ఆ తొలితరం వంశస్థుల సంఘంలో చేరడానికి దరఖాస్తు కూడా పెట్టింది. అది తిరిగొచ్చింది.

"విన్నావా అమ్మా! నేను పట్టుకున్న పేషెన్స్ మూడేళ్లకే పోయిందట. మూడేళ్ల పిల్లకి పదకొండుమంది సంతానాన్ని అంటగట్టాను!"

"మరి మనం ఎవరి పిల్లలం?"

"ఆ తర్వాత పుట్టిన చెల్లెలి పిల్లలం. దానికీ అదే పేరు పెట్టారు. పోయిన పిల్ల పేరు తీసి ఇంకోదానికి తగిలించడమేమిటి! ఆ తల్లిది గుండెనా, బండరాయా?"

లోయిస్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మన తరాలకీ రుజువు కావాలట. బామ్మ బైబిల్ ఇవ్వు, అందులో మనింటి పుట్టుకలు రాసుకున్న పేజీ ఫోటో తీసుకుంటాను."

"అక్షరాలు చెరిగిపోయాయి."

"పోయినేడు పురుగు తినేసిందన్నావు. నా పుట్టుక గురించి నా దగ్గర దాచేదేముంది?"

"ఆ పేజీ జోలికి వెళ్లకు!"

తల్లి అంత గట్టిగా అరవడం పేషెన్స్ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. రోషమొచ్చింది. తల్లి గదిలోకి వెళ్లి మంచం కింది పెట్టె లాగి బైబిల్ తెరిచింది.

పేషెన్స్ ఆన్. పుట్టింది 1969 మార్చి. పోయింది 1971 ఫిబ్రవరి.

దాని కింద, అదే చేతిరాత, తల్లిది. పేషెన్స్ ఆన్. పుట్టింది 1972 నవంబరు.

పేషెన్స్ చదివిందే మళ్లీ చదివింది. ఎదురుగా గోడమీద ఎర్ర టోపీలో నవ్వుతున్న పసిపిల్ల ఫోటో ఉంది. ఇన్నేళ్లూ అది తనదే అనుకుంది.

"అది... నేను కాదా?"

గుమ్మంలో నిలబడ్డ లోయిస్ తల అడ్డంగా ఊపింది. "మూడు రోజుల జ్వరం. మంచుకి నేలంతా గడ్డకట్టి, గొయ్యి తవ్వడానికి వసంతం దాకా ఆగాం. సమాధి మీద రాయి వేయిస్తే దాని చావు నిజమైపోతుందని మీ నాన్న వేయించలేదు. నాకేమో ఆ పేరు పిలవకపోతే ప్రాణం నిలవలేదు."

"అంటే ఇన్నేళ్లూ నువ్వు పిలిచింది నన్ను కాదన్నమాట!"

"మొదట్లో కాదే. అబద్ధం చెప్పను. నిన్ను పిలుస్తూ దాన్నే వెతుక్కున్నాను. దానికి రెండో పుట్టినరోజు రాలేదు. నీకొచ్చింది. కేకు మీద రెండు కొవ్వొత్తులూ ఉఫ్‌మని ఊదేసి నావైపు చూశావు. ఆ రోజు నుంచి నిన్నే పిలిచాను."

పేషెన్స్‌కి బండరాయి అన్న తన మాటే గుర్తొచ్చి సిగ్గుతో కుంచించుకుపోయింది. పాకం అంటిన తల్లి చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"అక్క ఎక్కడుందమ్మా?"

"మీ బామ్మ ఊళ్లో. ఆవిడ సమాధి కాళ్లవైపు."

"రాయి వేయిద్దాం."

"రాయి మీద ఏ పేరు చెక్కిస్తావే?"

"నా పేరే. ముందు అది అక్కదే కదా."

యాభై నాలుగేళ్లుగా బిగబట్టుకున్న ఏడుపు లోయిస్‌కి అప్పుడొచ్చింది.