మూడో పన్ను

"బొమ్మ చాలా అందంగా ఉంది. తీసుకెళ్ళిపోండి," అంది ఆమె.

అతను బిత్తరపోయాడు. పుస్తకాలకు బొమ్మలు వేసి బతికే మనిషి. సముద్రపు పురుగుల ల్యాబ్‌లో కాలు పెట్టడం అదే మొదలు. ఆమె పరిశోధన కోసం మూడు రోజులు మెడ వంచి వేసిన పురుగు బొమ్మ అది.

"అందంగా ఉంటే తప్పేంటండీ?"

"ఎడమవైపు ఆరో కాలికి ముళ్ళు పదకొండే. మీరు పన్నెండు వేశారు."

"రెండు పక్కలా సమానంగా ఉంటే బాగుంటుందని..."

"దానికేమన్నా సంబంధాలు చూస్తున్నామా? ఉన్నది ఉన్నట్టు వేయండి, చాలు."

ఒళ్ళు మండింది. అయినా మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఎందుకొచ్చాడో తనకే తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి, బాగా తెలుసు.

నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ ఆమె వెంట రాళ్ళ ఒడ్డుకు కూడా వెళ్ళాడు. రాళ్ళ కింద వేలెడంత పురుగులు, ఒళ్ళంతా సన్నటి ముళ్ళ కుచ్చులు. ఆమె వాటిని మెత్తటి కుంచెతో తీసి డబ్బాలో వేసుకునేది. ఎత్తిన ప్రతి రాయినీ మళ్ళీ అదే గుంటలో, అదే వైపుకి పెట్టేది.

"ఇప్పుడెవరు చూస్తారండీ?" అన్నాడు.

"దాని కింద కాపురాలున్నాయి. మీ ఇంటి పైకప్పు తీసి పక్కన పడేస్తే ఊరుకుంటారా?"

ఆ పూట తొమ్మిది రాళ్ళు అతనే సర్దాడు. ఇంత చిన్న ప్రాణికి ఇంత మర్యాద ఇచ్చే మనిషిని అతను ఎక్కడా చూడలేదు. చూస్తూ ఉండిపోవాలనిపించింది.

అతను తప్పుగా వేసిన ఆ పురుగు మీదే ఆమె ఆశలన్నీ ఉన్నాయి. అది ఇంతవరకూ ఎవరూ వర్ణించని కొత్త జాతి అని ఆమె నమ్మకం. కాదని తేలితే మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఒకరోజు ముల్లు కొనను మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. కొన మీద రంపానికున్నట్టు రెండు పళ్ళు. పాత పుస్తకంలో ఇదివరకే వర్ణించిన జాతికీ రెండే.

"పాతదేనండీ," అంది నీరసంగా. "ఆ కొన బొమ్మ ఒకటి వేసివ్వండి. ఫైలు మూసేస్తాను."

అతను మైక్రోస్కోప్‌లోకి చూసి వేసిచ్చాడు. చూడగానే ఆమె మొహం ఎర్రబడింది.

"మూడు పళ్ళు వేశారేం? నా మీద జాలిపడి కొత్త జాతిని పుట్టిస్తారా?"

"కనిపించిందే వేశానండీ."

"మీకు పన్నెండో ముల్లు కూడా కనిపించింది."

అతను పెన్సిళ్ళు సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఫోకస్ కొంచెం కిందికి తిప్పి చూడండి. ఆ రెండింటి వెనక మూడోది నక్కి ఉంది."

వారం గడిచింది. అతనికి అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు ఫోన్ మోగింది.

"నలభై ముళ్ళు చూశాను. నలభైకీ మూడో పన్ను ఉంది. మ్యూజియంలో దాచిన ఆ పాత జాతి పురుగును తెప్పించి చూశాను, దానికి లేదు." ఆమె గొంతు తగ్గించింది. "మిమ్మల్ని అనకూడని మాటన్నాను."

"అనాల్సిందే అన్నారు. పన్నెండో ముల్లు నాదే కదా."

"అయితే రండి. మీరు లేకపోతే ఈ గదిలో ఏం తోచడం లేదు."

ఆర్నెల్లకు వ్యాసం అచ్చయింది. పైన రెండు పేర్లు, ఆమెదీ అతనిదీ; కింద అతను వేసిన పురుగు బొమ్మ.

"నా పేరెందుకండీ?"

"తేడా పట్టింది మీరు. జాతిని వర్ణించినవాళ్ళ పేర్లు దాని పేరు పక్కనే రాయడం మా పద్ధతి. వందేళ్ళ తర్వాత రాసినా రెండూ కలిపే రాయాలి, విడదీయకూడదు." కిటికీ వైపు చూస్తూ అంది. "నాకిష్టమే. మీకు?"

"వందేళ్ళు సరిపోతాయా అని ఆలోచిస్తున్నాను," అన్నాడు అతను.

ఆ కాగితం ఆమె తల్లికి చూపించడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేర్లు రెండూ చదివింది. కూతురినీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"శుభలేఖ బాగానే ఉంది. మధ్యలో ఈ పురుగేమిటే?"

ఆమె సిగ్గుతో తల వంచుకుంది. అతను మాత్రం వినయంగా ముందుకు వంగాడు.

"ఆరో కాలికి పదకొండు ముళ్ళేనండీ, అత్తయ్యగారూ. లెక్కపెట్టుకోండి."