బావమరిది చేతి తాడు

నల్లమల కొండ అంచున బోర్లా పడుకొని కిందికి తొంగిచూశాడు ఈదన్న. చెట్టూ పుట్టా మాడిపోతున్న ఆ నడివేసవిలో, కొండ నడుమ ఉన్న గుహలోకి తేనెటీగలు బారులు తీరి వచ్చిపోతున్నాయి. ఆ గుహలోనే ఏ కాలపు రాజో బంగారం దాచాడని గూడెంలో చెప్పుకుంటారు. దొంగలెవరో తవ్వి, ఏమీ దొరక్క పారిపోయారని కూడా అంటారు.

ఆ బంగారం ఈదన్నకు కావాలి. తినడానికి కాదు, బావ ముందు తలెత్తుకోవడానికి.

అభయారణ్యంలో గడ్డిని మొలవనీయని లాంటానా ముళ్ళకంప పీకి, గడ్డి పెంచి, పాడైన నేలను బాగుచేయమని అటవీశాఖవాళ్ళు ఇద్దరికీ చెరొక కొండవాలు అప్పగించారు. బావ బయ్యన్న వాలు పచ్చబడింది. దుప్పులు మందలుగా దిగాయి. చూడవచ్చిన జనమంతా బయ్యన్న పక్కన నిలబడి ఫొటోలు దిగారు. గుహ కిందనున్న ఈదన్న వాలులో మాత్రం నీళ్ళు లేక గడ్డి మొలకలోనే మాడింది. సొంత అక్క మొగుడే అయినా, అతని పేరు వింటే చాలు ఈదన్న కడుపు మండిపోయేది.

పోనీ తానే గుహలోకి దిగుదామా అంటే, కొండ తేనె తీసేవాడి తాడు అతని భార్య తోడబుట్టినవాడే పట్టాలి. తోబుట్టువు తాళి గుర్తున్నవాడు తాడు వదలడని పెద్దల నమ్మకం. ఈదన్న భార్యకు అన్నదమ్ములే లేరు. చివరికి దిగే యోగం కూడా బావదే అయింది!

ఈదన్న అడగగానే బయ్యన్న నడుముకు నారతాడు బిగించుకొని గుహలోకి జారాడు. ఈదన్న తాడును మద్దిమానుకు ఒక చుట్టు తిప్పి పట్టుకున్నాడు. లోపల రాళ్ళు దొర్లిన చప్పుడైంది. మరుక్షణం ఈగలు నల్లమబ్బులా లేచాయి.

"లాగరా! కరుస్తుండాయి, లాగు!"

"ఏం దొరికిండాదో ముందు సెప్పు!" అని అరిచాడు ఈదన్న.

"సచ్చిపోతానురా!"

"సెప్పు బావా! దాచాలని సూడొద్దు!"

తాడు గిలగిలా కొట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, అక్క మెడలోని నల్లపూసల దండ. ఈదన్న అరచేతులు చీరుకుపోతున్నా బలమంతా పెట్టి లాగాడు.

ముఖం బూరెలా వాచిన బయ్యన్న అంచు మీదికి పాకాడు. అతని గుప్పిట్లో తడిబురద ఉంది.

"ఊట! దొంగలు పోసిన రాళ్ళే దాన్ని మూసినాయి. తోసేసినా. నీళ్ళు నీ వాలుకే దిగుతాయిరా."

"బంగారమో?"

"నీళ్ళు కనిపించినాక ఇంకేం ఎతుకుతాం?"

కింద రాళ్ళ మధ్య నీటి చప్పుడు మొదలైంది. ఈదన్న తల వంచుకున్నాడు. "బావా, నిన్ను యాలాడదీసి బేరమాడినా."

"తెలుసులే. తాడు కొసనున్నోడికి పైనోడి మనసు తెలవదా?"

వానలు పోయేసరికి ఈదన్న వాలు నడుములోతు గడ్డితో నిండింది. దుప్పులు బావ వాలు వదిలి ఇటే వచ్చాయి. బయ్యన్న అందరినీ పిలిచి మరీ చూపించి మురిసిపోయాడు. ఈదన్నకు మళ్ళీ కడుపు మండింది. ఓర్వడంలో కూడా బావే గెలిచాడు!

అదే సాయంత్రం బయ్యన్న తాడు చుట్ట తెచ్చి ఈదన్న ఒళ్ళో పడేశాడు.

"రేపు తేనెకు పోదాం. పట్టు."

"నన్నే నమ్ముతావా?"

"మీ అక్కకు ఇంకో తమ్ముడున్నాడా?"

ఈదన్న ఆ తాడును గుండెలకు అదుముకొని వెక్కివెక్కి ఏడ్చాడు.